తోటికోడలి రేటింగు

గోదావరిఖనిలో ఇళ్ళకు అప్పుడప్పుడే ఇంటర్నెట్ వస్తున్న రోజులు. మరిది కొన్న కంప్యూటరు మా క్వార్టరు ముందు గదిలో ఉండేది. మా ఆయన, మరిది ఇద్దరూ బొగ్గు గనిలో ఉద్యోగులు. వాళ్ళు మొదటి షిఫ్టుకు వెళ్ళి, మా వంటపని తీరాక, ఆ కంప్యూటరు నాదీ, నా తోటికోడలిదీ.

ఆమెకు చదరంగం నేర్పింది నేనే. నాకు మా నాన్న నేర్పాడు. పెళ్ళై మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు గుర్రం ఎలా దూకుతుందో కూడా తెలియదు. ముఖం తెలియని మనుషులతో ఆన్‌లైన్లో ఆడవచ్చని మరిది చూపించాక, ఇద్దరం చెరొక ఖాతా తెరుచుకున్నాం. గెలిస్తే రేటింగు పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది.

నా ఆట దూకుడు. మొదట్లోనే మంత్రిని బయటికి తీసి ఎదుటి రాజు మీదికి నడిపేదాన్ని. దారి తెరవడానికి గుర్రాన్ని పోగొట్టుకున్నా బాధపడేదాన్ని కాదు. గెలిచినా ఓడినా తొందరగానే తేలిపోయేది. ఆమె ఆట చూస్తే నాకు ఆవులింతలు వచ్చేవి. వీలు దొరికితే మంత్రికి మంత్రిని, ఏనుగుకు ఏనుగును మార్చేసేది. బోర్డు ఖాళీ అయ్యాక, మిగిలిన బంటును మెల్లగా చివరి గడి దాకా తీసుకుపోయి మంత్రిని చేసుకునేది.

కొన్ని నెలలు గడిచేసరికి నా రేటింగు ఉన్నచోటే ఉంది. ఆమెది నన్ను దాటిపోయింది. అప్పటినుంచి ఆమెతో ఇంట్లో బోర్డు మీద ఆడడం మానేశాను.

మా మామ గనిలోనే పనిచేసి రిటైరయ్యారు. నేను ఆడుతుంటే పేపరు చదువుకునే మనిషి, ఆమె కూర్చోగానే కుర్చీ దగ్గరికి జరుపుకునేవారు.

"చిన్న కోడలు మస్తు ఓపికగ ఆడుతది. పెద్దామెకు అన్నీ జల్ది కావాలె," అని ఒకరోజు మా ఆయనతో అన్నారు.

మా ఆయన నావైపు చూసి నవ్వాడు. "ఆమెను చూసి నేర్చుకోరాదు?"

నేను నేర్పిన మనిషిని చూసి నేను నేర్చుకోవాలట. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఆమె ఓడిన రోజు నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువే దిగేది.

ఆమెకు ఇవేవీ తెలియవనుకునేదాన్ని. నా వెనక నిలబడి, "అక్కా, మంత్రిని అప్పుడే తియ్యకు. దాన్ని తరుముకుంట వాళ్ళ గుర్రాలను బయటికి తెచ్చుకుంటరు," అనేది. అది నిజం. నిజం కాబట్టే మండేది.

"నా ఆట నన్ను ఆడనియ్యి చెల్లె," అనేదాన్ని.

తెలంగాణ సమ్మెలో గనులు బందైనప్పుడు మగవాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉన్నారు. పక్క క్వార్టర్ల వాళ్ళు కూడా వచ్చి ఆమె వెనక నిలబడి ఆట చూసేవారు. అందరికీ చాయ్ పెట్టింది నేను.

సమ్మె ముగిసిన కొన్నాళ్ళకు మరిదికి మందమర్రి బదిలీ అయింది. వాళ్ళ కంప్యూటరు వాళ్ళతో వెళ్ళింది. మేము ఇంకొకటి తెచ్చుకున్నాం. మామ కుర్చీ నా పక్కకు వచ్చింది. ఇక హాయిగా ఆడుకోవచ్చు అనుకున్నాను. కానీ ఒక్కదాన్నే ఆడుతుంటే, గెలిచినా చెప్పుకునేందుకు మనిషి లేదు. మామ రెండు ఆటలు చూసి మళ్ళీ పేపరు తీసేవారు.

ఆ సైటులో ఎవరి ఆటనైనా, పక్కన రాసుకునే మాటలనైనా చూడవచ్చు. ఒక మధ్యాహ్నం ఆమె ఆడుతున్న ఆట తెరిచి చూశాను. ఎదుట ఉన్నది కేరళలో టీచరట. ఆట నడుమ ఇద్దరూ కబుర్లు రాసుకుంటున్నారు. ఆ టీచరు ఆమెకు ఎత్తులు చెబుతోంది. మర్నాడు చూస్తే మళ్ళీ ఆ టీచరే. ఆ తర్వాతా ఆమే. రేటింగు నన్ను దాటినప్పుడు కూడా నాకు ఇంత కడుపుమంట కలగలేదు.

ఆగలేక ఫోన్ చేశాను. "రోజూ ఆ టీచరుతోనే ఆడుతవా?"

"నువ్వు పిలుస్తలేవు కద అక్కా. నాతో ఆడుడు ఎప్పుడో బంద్ చేసినవ్."

ఆమెకు తెలుసన్నమాట.

"ఇప్పుడు పిలుస్తున్న. ఆడుదామా?"

"నువ్వు తెల్లవి తీస్కో," అంది.

ఆరోజు మంత్రిని చాలాసేపు ఇంట్లోనే ఉంచాను. అయినా ఓడిపోయాను. తర్వాత చాలా మధ్యాహ్నాలు ఆడుకున్నాం, ఎక్కువసార్లు ఆమే గెలిచింది. నా రేటింగు కూడా కొంచెం పెరిగింది. ఆమెది అంతకంటే ఎక్కువ పెరిగింది. ఆమె అంకె చూడకుండా నా అంకె చూసుకోవడం మాత్రం నాకు ఎన్నడూ చేతకాలేదు.