మామ ఫోనుకి నా బొటనవేలు

టచ్ ఫోన్లు మా వైపు ఇంటింటికీ చేరుతున్న ఆ రోజుల్లో, నాలుగు ఇంగ్లీషు మాటలు వచ్చినవాడికి ఉన్న గౌరవం ఇప్పుడు ఇంజనీర్లకి కూడా లేదు. నాకు సరిగ్గా నాలుగే వచ్చు: పాస్‌వర్డ్, ఫింగర్‌ప్రింట్, బ్యాకప్, ఎన్‌క్రిప్షన్. నెల్లూరులో ఒకపూట ట్రైనింగ్‌లో నేర్చుకున్నవి (అందులో సగం పూట భోజనానికే పోయింది). కొడవలూరు పక్కన వరి పండించుకునే ఇంట్లో పుట్టిన నేను, ఆ నాలుగు మాటలూ జేబులో వేసుకుని మైపాడులో ఒక సెల్ షాపులో పనికి కుదిరాను. ప్రతిదాంట్లో వేలు పెడతానని మా అమ్మ అప్పటికే తిడుతూ ఉండేది. ఆ తిట్టుని నిజం చేసే ఉద్యోగం దొరికింది.

సముద్రంలో చేపల వేట మీద పెట్టిన నిషేధం ఆ రాత్రితో అయిపోతుందనగా, ఊరంతా బోటు మామ అని పిలిచే ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు. సముద్రంలో చేపలు గుంపుగా దొరికే తావులన్నీ అందులో మ్యాపు మీద గుర్తులు పెట్టుకున్నాడు. అవి పక్క బోటువాళ్ళ కంట పడకూడదు. రెండు నెలలుగా వల తడవలేదు, మొదటి వేట మీదే ఆయనా, ఆయన బోటులో పనిచేసే నలుగురు కలాసీలూ ఆశ పెట్టుకుని ఉన్నారు. ఇక నేను విజృంభించాను. ఎన్‌క్రిప్షన్ అంటే ఫోన్లో ఉన్నదాన్నంతా మామిడికాయ పచ్చడిలా నూరి పెట్టేయడమనీ, సరైన నంబరు కొడితేనే అది మళ్ళీ కాయ అవుతుందనీ చెప్పాను. పచ్చడి మళ్ళీ కాయ ఎట్టవుద్దబ్బయా అని ఆయన న్యాయంగానే అడిగాడు. అదే సైన్సు అన్నాను (నాకూ తెలియనప్పుడు అదే అనేవాణ్ణి). ఎవరూ ఊహించలేని ఆరంకెల నంబరు పెట్టుకోమని, ఆయన కొడుతున్నంతసేపూ మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాను. తర్వాత వేలిముద్ర. రెండు నెలలు నైలాను దారంతో వలలు బాగుచేసిన చేతులవి, గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. పది వేళ్ళూ పెట్టినా ఫోను ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. "ఇట్టా పెట్టాల మామా" అని నా మెత్తటి బొటనవేలు పెట్టి చూపించాను. దాన్ని మాత్రం ఫోను ముద్దుగా దాచుకుంది. ఇంతలో వేరే బేరం వచ్చింది, నా వేలు తీసేయడం మరిచిపోయాను. బ్యాకప్ అనే మాట ఎత్తడం కూడా మరిచాను.

తెల్లారేసరికి కలాసీలు నా గది ముందున్నారు. మామ నంబరు మరిచిపోయాడు. ఎవరూ ఊహించలేనిది పెట్టమన్నాను కదా, ఆయన కూడా ఊహించలేకపోయాడు. నా వేలితో ఫోను తెరుచుకుంది గానీ, వేలు మార్చాలంటే మళ్ళీ ఆ నంబరే కావాలట. మిగతా బోట్లు అప్పుడే కదులుతున్నాయి. మామ ఇంకేం ఆలోచించలేదు, తాళంచెవిని బోటెక్కించాడు. అలలు దాటగానే తువ్వాలు తీసి నా కళ్ళకు కట్టాడు. "ఏలుతోనే పని, కళ్ళెందుకు?" అన్నాడు. ఎడ్లబండి తప్ప ఊగేది ఏదీ ఎక్కి ఎరగని నేను, కళ్ళకు గంతలతో, ఒక చేత్తో బోటు అంచు పట్టుకుని కక్కుతూ, రెండో చేతి బొటనవేలు పైకెత్తి కూర్చున్నాను. ఫోను ఆరిపోయినప్పుడల్లా ఎవరో దాన్ని నా వేలికి ఆనించేవారు. ఒడ్డునే ఫోను తెరిచి ఆ గుర్తులు ఒక కాగితం మీద రాసిస్తే సరిపోయేదని నాకు తట్టడానికి మూడేళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం వల నిండింది. ఒడ్డుకొచ్చాక నంబరు గుర్తొచ్చిందన్నాడు మామ, నా వేలు తీసేశాను.

ఇప్పుడు ఇందుకూరుపేటలో నాకే షాపుంది. మొన్న మామ ఫోనుకి గ్లాసు వేయించుకోడానికి వచ్చాడు. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చి, ఇంతకీ ఆ నంబరు ఎప్పుడు గుర్తొచ్చిందని అడిగాను.

"పోయేటప్పుడే, ఒడ్డు ఇంకా కనపడతా ఉండంగానే."

"మరి చెప్పలేదేం మామా?"

"కక్కుకుంటా కూడా ఏలు చాపతా ఉంటివే అబ్బయా. నీతో పన్లేదని ఎట్ట చెప్పేది?"

నేను తలెత్తకుండా గ్లాసు కింద బుడగలు నొక్కుతూ ఉండిపోయాను. తన వేలి మీదే బోటు నడిచిందని నమ్మి, రెండు రోజులపాటు ఆ వేలు తడవకుండా స్నానం చేసిన ఇరవై ఏళ్ళవాడొకడు గుర్తొచ్చాడు. వాడికి ఈ సంగతి చెప్పే దారి లేకపోవడమే మంచిదయింది.