జల్లెడ

ఒక దేశపు అమ్మాయిల జూనియర్ ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ పోటీలకు వెళ్లింది ఒకే ఒక్కసారి. ఆడిన ప్రతి ఆటా చిత్తుగా ఓడి తిరిగొచ్చింది. అప్పటినుంచీ గోల్‌కీపర్‌కి జల్లెడ అనే పేరు ఖాయమైపోయింది. పేపర్లవాళ్లు పెట్టిన పేరు వీధికెక్కింది, పెళ్లయ్యాక అత్తగారి నోటికీ ఎక్కింది.

ఇప్పుడామె వెల్డింగ్ షాపులో ఇనుప గేట్లు అతుకుతోంది. ఒక మధ్యాహ్నం ఆనాటి కోచ్, ఇప్పుడు ఫుట్‌బాల్ సంఘానికి పెద్ద, టీవీవాళ్లను వెంటేసుకుని అక్కడ దిగాడు. ఆ పోటీల మీద కార్యక్రమం చేస్తున్నారట.

"ఏమ్మా, బాగున్నావా? నవ్వుతూ రెండు ముక్కలు చెప్పు," అన్నాడు.

ఆమె నల్ల కళ్లద్దాలు తీసి, వంకరపోయిన చూపుడువేలు కెమెరా ముందు పెట్టింది.

"మొదటి ఆటలోనే ఇది విరిగింది. ఇంకొకరిని దింపమని మీ కాళ్లావేళ్లా పడ్డాను. నాటకాలాడొద్దన్నారు. తర్వాత పేపర్లవాళ్లకి, నేను భయపడి బంతులు వదిలేశానని చెప్పారు. కాదనండి, చూద్దాం."

కోచ్ మొహం మాడిపోయింది. "పాత సంగతులు ఇప్పుడు తవ్వడమెందుకమ్మా?"

"మీకు పాతవే. నన్ను ఇవాళ పొద్దున కూడా వీధిలోవాళ్లు జల్లెడ అనే పిలిచారు. ఇక దయచేయండి."

కార్యక్రమంలో ఆ మాటలు రాలేదు, కత్తిరించేశారు.

"నోరు పారేసుకుని టీవీలో కనబడే అదృష్టం పోగొట్టుకున్నావు," అని అత్తగారు సాగదీసింది.

"పోతే పోయింది అత్తయ్యా. ఆయన మొహాన అనేశాను. మళ్లీ వస్తే మళ్లీ అంటాను," అంటూ ఆమె టీవీ కట్టేసింది.