ముందు ఎడమ టైరులో గాలి

కొన్న నెలలోపే సొంత కారును నడిరోడ్డు మీద చతికిలబడేట్టు చేసి, ఆ నేరం వీధివాళ్ల మీదికి తోసినవాడు హైదరాబాదులో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్లం మేము. నేను ముచ్చటపడి కొన్న సెకండ్‌హ్యాండ్ కారులో, టైర్లలో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. సరిగ్గా బంద్ రోజు పొద్దున్నే వెలిగింది. మర్నాడు మా ఆవిడ సరళకు ఎల్బీనగర్‌లో ఒక స్కూల్లో ఫిజిక్స్ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బంద్‌ల వల్ల అప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఈసారి రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. ఆటోలో వెళ్తానంది సరళ. గుమ్మంలో కారుండగా ఆటో ఏమిటండీ! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

బంద్ రోజు రోడ్డెక్కిన బండ్లకు గాలి తీయడం అప్పట్లో మామూలే. కానీ నా కారు గేటు ముందు నుంచి కదలనేలేదు. అంటే తీసింది మా వీధివాడే! టైరులో గాలి కొలిచే గేజీ తెచ్చి కొలిచాను. ముందు ఎడమ టైరులో కాస్త తక్కువ. కాఫీ తాగొచ్చి కొలిస్తే ఇంకా తక్కువ. టిఫిన్ చేసొచ్చి కొలిస్తే మరీ తక్కువ. నేను లోపలికెళ్లినప్పుడల్లా ఎవడో వచ్చి తీసిపోతున్నాడన్నమాట. ఒళ్లు మండిపోయింది. కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఊరికే కూర్చోవడమెందుకని మధ్యమధ్య కొలుస్తూనే ఉన్నాను. కళ్లముందే గాలి పోతోంది, దొంగ మాత్రం కనబడడు.

ఎదురింటి యాదగిరిది నల్గొండ వైపు. కరెంటాఫీసులో ఉద్యోగం, ఉద్యమమంటే ప్రాణం. ఇంకేం కావాలి, నా అనుమానం తిన్నగా ఆయన ఇంటికే వెళ్లింది. మీవాళ్లకు కాస్త చెప్పండి అన్నాను.

"మా వోళ్లెవరు సార్? గీ గల్లీల నీ బండి జోలికి ఎవడొస్తడు? జర మంచిగ మాట్లాడు," అని విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

గాలి కొట్టిద్దామంటే పంక్చరు షాపులన్నీ మూత. కారుతో వచ్చిన పుస్తకం తీశాను. టైర్లలో సరిపడా గాలి నింపి, స్టీరింగు కిందున్న బటన్ నొక్కిపట్టాలట. అప్పుడున్న గాలినే సరైన కొలతగా కారు గుర్తుపెట్టుకుంటుందట. మొదటి సగం మన చేతిలో లేదు కనక రెండో సగం చేశాను. దీపం మిణుకుమిణుకుమని ఆరిపోయింది. సరళను పిలిచి మరీ చూపించాను. ఆవిడ టైరు వైపు చూసి ఏదో చెప్పబోయింది. విజయోత్సవంలో ఉన్న నేను వింటానా?

మర్నాడు బయల్దేరుతుంటే, టైరు దిగిపోయిందని ఎదురింటి గేటులోంచి యాదగిరి హెచ్చరించాడు. నిన్న గాలి తీసినవాడు ఇవాళ సలహాలా! దీపం వెలగలేదు కదా అన్నాను కసిగా. కొత్తపేట దాటేసరికి కారు ఎడమకు లాగింది. ఎల్బీనగర్ చేరకముందే టైరు రోడ్డుకు అతుక్కుపోయింది. దీపం మాత్రం వెలగలేదు. గాలి లేకపోవడమే పద్ధతని దానికి నేనే నేర్పాను మరి. డిక్కీలో స్టెప్నీ లేదా అంటారా? నిన్న దాన్నీ కొలిచాను.

అదే దారిన ఆఫీసుకు పోతున్న యాదగిరి స్కూటరు ఆపాడు. "ఎక్కు చెల్లె, ఇంటర్వ్యూకు ఆలస్యమైతది," అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. సరళ ఎక్కి కూర్చుని, చాలా నెమ్మదిగా అంది:

"మీరు కొలిచిన ప్రతిసారీ స్స్‌మని వినబడింది కదండీ. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నారు?"

స్కూటరు వెళ్లిపోయింది. అంతలో జెండాలతో ర్యాలీ వచ్చింది. కారును చూసి అందరూ ఆగారు.

"బంద్ నిన్ననే అయిపాయె గదన్నా. ఇయ్యాల గాలెవడు తీసిండు? బద్నాం మేమైతం," అన్నాడు ముందున్నాయన, నిజంగానే బాధపడుతూ.

పాపం వాళ్లే కారును పంక్చరు షాపు దాకా తోశారు. తోస్తూ తోస్తూ కోపం ఆపుకోలేక నినాదం అందుకున్నారు: "గాలి తీసినోడు!" "డౌన్ డౌన్!" అందరూ అరుస్తుంటే నేనొక్కణ్ణే ఊరుకుంటే ఏం బావుంటుంది? పిడికిలి బిగించి అందరికంటే గట్టిగా అరిచాను.

సరళకు ఉద్యోగం వచ్చింది. యాదగిరి నాతో మాట్లాడడానికి దసరా దాకా పట్టింది. ఆ టైరు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో గేజీ ముట్టను, బటన్ నొక్కను, గాలి తీసినవాడి కోసం వీధిలో వెతకను. వాడి అడ్రసు నాకు బాగా తెలుసు.