అడగకుండా ఎత్తిన మనిషి

రేవులో అతన్ని అందరూ బస్తా అనే పిలుస్తారు. పడుచుతనంలో ఓడల్లోంచి సరుకు దింపే కూలీగా ఉన్నప్పుడు వచ్చిన పేరది. ఇద్దరు మోసే బరువు ఒక్కడే వీపున వేసుకుని చెక్క పలక మీద తూలకుండా నడిచొచ్చేవాడు. క్రేన్లు వచ్చాక ఆ పని పోయింది గానీ పేరు మాత్రం ఒంటికి అంటుకుపోయింది. తర్వాత డ్రైవింగు నేర్చుకున్నాడు, పాత వ్యాను ఒకటి కొన్నాడు, దాని వెనకాల ఇనప ర్యాంపు బిగించాడు. షికారు ఓడలు ఆగిన రోజున, నడవలేక బ్యాటరీ స్కూటరు మీద తిరిగేవాళ్లకి ఊరు చూపించడమే ఇప్పుడు అతని బతుకుతెరువు. వ్యాను పక్కన పెద్ద అక్షరాలతో, "ఎక్కడా మెట్లు ఎక్కనక్కర్లేదు" అని రాయించుకున్నాడు.

అది పచ్చి అబద్ధమేం కాదు. తీరం వెంబడి చదును బాట, చేపల మార్కెట్టు, పూల తోట, ఏ దారిలో చక్రం ఎక్కడ దిగబడుతుందో అతనికి కొట్టిన పిండి. పాత కస్టమ్స్ భవనంలో ఉన్న మ్యూజియానికి ముందు వైపు మెట్లున్నా, వెనక గేటు నుంచి స్కూటరు సాఫీగా పోతుంది. ఆ గేటుకి అప్పుడప్పుడు తాళం పడి ఉంటుంది. ఉంటే ఏం, చేతుల్లో సత్తువ ఉందిగా అనుకునేవాడు.

ఒక రోజు ఓడ దిగిన అక్కాచెల్లెళ్లిద్దరు అతని వ్యాను ఎక్కారు. అక్క బతుకంతా పిల్లలకి ఈత నేర్పిన టీచరు. ఇప్పుడు కాళ్లు సన్నబడిపోయి స్కూటరు మీదే తిరుగుతోంది. గొంతులో మాత్రం పాత గద్దింపు అలాగే ఉంది. మార్కెట్లో బేరగాళ్లని పక్కకి తప్పించుకుంటూ స్కూటరు నడుపుతుంటే, "మా అక్కకి దారివ్వకపోతే నీళ్లలోకి తోసేస్తుంది" అని చెల్లెలు నవ్వించింది. బస్తాకి ఆవిడ తెగ నచ్చింది.

మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి వెనక గేటుకి తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడని కాపలాదారు చెప్పాడు.

"పర్లేదు, కాసేపు ఆగుదాం" అంది పెద్దావిడ.

ఆగడమంటే బస్తాకి నామోషీ. మెట్లు లేవని రాయించుకున్న మనిషి మెట్ల దగ్గర నిలబడిపోతే పరువేం కాను? స్కూటరుని ముందు వైపుకి తిప్పించాడు. ఇద్దరు కుర్రాళ్లని కేకేసి వెనకాలే స్కూటరు మోసుకు రమ్మన్నాడు. ఆవిడ ఏదో అనబోయేలోపే మోకాళ్ల కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి వేసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. బస్తా అటు తిరిగి నవ్వాడు కూడా.

లోపల స్కూటరు మీద కూర్చోబెట్టాక ఆవిడ ముందు గౌను సరిచేసుకుంది. తర్వాత తలెత్తి, "నన్ను అడిగావా బాబూ?" అంది.

"అడగడానికేముందమ్మా, మీరు పూచికపుల్లంత బరువు కూడా లేరు."

"నేను బరువు సంగతి అడగలేదు."

అంతే. గోడల మీదున్న బొమ్మల వంక ఒక్కసారైనా చూడలేదావిడ. తాళంచెవి మనిషి వచ్చి బయటికి దారి తీసేదాకా, లోపల వెనక గేటు దగ్గరే తలుపు వైపు తిరిగి కూర్చుంది. చెల్లెలు నేల చూపులు చూస్తూ పక్కన నిలబడింది. బస్తాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచినీళ్లు తెమ్మంటారా అని అడిగాడు. వద్దంది. ఓడ దగ్గర దిగేటప్పుడు మాత్రం, "రేపు వచ్చేవాళ్లకైనా ఆ తాళం సంగతి ముందే చెప్పు" అంది.

అతను ఇల్లు చేరేలోపే వీడియో ఊరంతా చుట్టేసింది. టీ కొట్టు అతను లేచి చెయ్యి కలిపాడు. "దేవుడివి బస్తా నువ్వు" అన్నాడు పక్క వ్యాను డ్రైవరు. ఒక్కో మెచ్చుకోలూ మొహాన కొట్టినట్టుంది. ఇంట్లో భార్య ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. ఇద్దరూ కలిసి చూశారు. అందులో అతను పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అతని భుజం మీదుగా పెద్దావిడ మొహం. కళ్లు గట్టిగా మూసుకుని, పైకి జరిగిపోయిన గౌనుని ఒక చేత్తో మోకాళ్ల కిందికి లాక్కుంటోంది.

భార్య మొహంలో సంతోషం మెల్లగా దిగిపోయింది.

"మా నాన్న కూడా ఇలాగే కళ్లు మూసుకుంటాడండీ" అంది.

భార్య తండ్రి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ వీళ్లింట్లోనే, వెనక గదిలో ఉంటున్నాడు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, ఆస్పత్రి రోజున వ్యానులోకి, అన్నీ అల్లుడి చేతుల మీదే. కొడుకులు కూడా ఇలా చెయ్యరని చుట్టాలు పొగుడుతుంటే బస్తా ఛాతీ కాస్త ఉబ్బేది. చుట్టాల ముందు కావాలని ఒంటి చేత్తో ఎత్తిన రోజులూ ఉన్నాయి. అవిప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చి, అన్నం సగంలోనే వదిలేశాడు.

చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్లాడు. ముసలాయన రేడియో వింటున్నాడు.

"మామయ్యా, నేను ఎత్తుతుంటే మీకు కష్టంగా ఉంటుందా?"

ముసలాయన రేడియో గొంతు తగ్గించి అల్లుడి వైపు చూశాడు.

"ఎత్తక తప్పదుగా నాయనా. కాకపోతే ముందొక మాట చెప్పి ఎత్తు. ఊపిరి బిగబట్టుకుంటాను. నువ్వు ఉన్నట్టుండి లేపుతావు, నా ప్రాణం మంచం మీదే ఉండిపోతుంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అన్నం పెట్టే చెయ్యికి వంకలు పెడతామా?"

ఆయన మామూలుగానే అన్నాడు. నవ్వాడు కూడా. బస్తాకి మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. తన ఇంట్లో ఒక మనిషి తనకి భయపడి నోరు మూసుకుని బతుకుతున్నాడని ఆ నిమిషం దాకా తెలియదు.

వారం తిరక్కుండా వ్యాను మీద రాత చెరిపించాడు. ఎక్కేముందే తాళం సంగతి చెప్పేస్తున్నాడు. విని కొందరు వేరే వ్యాను చూసుకుంటున్నారు. ఆ వీడియో తీసేయమని తీసినవాడిని వెతికి పట్టుకుని అడిగాడు. వాడు తీసేశాడు గానీ అప్పటికే పదిమంది చేతుల్లో ఉంది.

తర్వాతి ఓడలో స్కూటరు మీద ఒకాయన వచ్చాడు, రిటైరైన రైలు గార్డు. మ్యూజియం గేటుకి తాళమే ఉంది.

"ఆగుదామాండీ, వెళ్లిపోదామా?" అని అడిగాడు బస్తా.

"ఆగుదాం. నాకు తొందరేముంది" అన్నాడాయన. నీడలోకి జరిగాక, "ఆ వీడియోలో ఉన్నది నువ్వే కదూ? అది చూసే నీ వ్యాను వెతుక్కుంటూ వచ్చాను" అన్నాడు ఇష్టంగా.

అవునని ఊరుకుంటే సరిపోయేది. బస్తాకి చెవులు వేడెక్కాయి.

"నేనేనండీ. ఆవిడ ఆగుదామన్నారు, నేను వినలేదు. మంచి పని కాదది" అన్నాడు.

గార్డు చిన్నగా తలూపి గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. బస్తా పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలోకి చూడడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.