అంచు విరిగిన ప్లేటు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు తన ఫోనులో ఒక పాత సినిమా పాట పెట్టింది. ముందు ఫిడేలు పలికింది, దాని వెనుక ఒక ఆడగొంతు తాళం లేకుండా సాకీ ఎత్తుకుంది. పల్లవికి ముందు అలా రెండు మూడు మాటలు పాడడం ఆనాటి పద్ధతి. "నీ చిన్నప్పటి పాటే కదా అవ్వా?" అని అడిగింది. ఔనన్నాను గాని, నా చెవి వెంటనే ఒప్పుకోలేదు. నేనెరిగిన పాట సాకీ చివరి దీర్ఘం తోక దగ్గర, సూది గరగరతో మొదలయ్యేది.

పందొమ్మిది వందల నలభైలలో ఆళ్లగడ్డలో మా పక్క ఇల్లు రత్నమ్మక్కది. అంగడి నడుపుకునే వైశ్య కుటుంబం. పెళ్లైన కొత్తలో ఆమె భర్త నంద్యాలలో గ్రామఫోను, ఒకే ఒక్క ప్లేటు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడట. దారి కుదుపులకు ప్లేటు అంచు విరిగి, సాకీ కాస్తా పోయింది. "ఈసారి పోయినప్పుడు ఇంకోటి తెస్తాలే" అన్నాడట. ఆ ఈసారి రాకుండానే విషజ్వరం ఆయనను తీసుకుపోయింది.

భర్త పోయిన మనిషి సినిమా పాట వింటే వీధి ఊరుకునే కాలం కాదు. అందువల్ల ఆమె గ్రామఫోను గొట్టంలో పాతగుడ్డ కుక్కి, తలుపు మూసి వినేది. అయినా పంచలోంచి అత్తగారు, "ఏందిమే, కుండలో ఈగ పడినట్ల ఆ రొద?" అనేది. విరిగిన చోటును వేలికొనతో తడిమి, దాన్ని దాటించి సూది దించడం అక్కకు అలవాటు. "మొదలెట్లుంటాదక్కా?" అని ఒకనాడు అడిగాను. "ఆయప్ప నంద్యాల అంగట్లో విన్యాడు. పాడి చెప్పమంటే సిగ్గుపడె" అంది.

మా నాయన సేద్యగాడు, వేలిముద్ర మనిషి. నంద్యాలలో ఉన్న మా అత్త నన్ను ఇంట్లో ఉంచుకొని చదివిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. నాకు చూసిన దొర్నిపాడు సంబంధం చేజారుతుందని ఆయన భయం. మగవాళ్ల ఎదుటికి రాని రత్నమ్మక్క ఆనాడు తలుపు చాటు నుంచి మాట్లాడింది.

"సంబంధం యాడికీ పోదన్నా. పాపను బస్సెక్కించు."

"లోకం నోరు నీకు తెల్దమ్మా."

"నాకు తెలిసినట్ల ఎవరికి తెలుసన్నా? పాట నోట్లో గూడా గుడ్డ కుక్కి వింటాండా."

నాయన తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. మరుసటి వారం నన్ను నంద్యాలకు తీసుకుపోయాడు.

బయలుదేరేముందు అక్క నన్ను ఒక్కటే కోరింది. "ఆ సినిమా ఆడ మల్లా ఆడితే చూడు. మొదలు నాకు తీసుకరా."

సినిమా మళ్లీ వచ్చింది. ఆడవాళ్ల వైపు నేలమీద అత్త పక్కన కూర్చొని, సాకీని ఊపిరి బిగబట్టి విన్నాను. మరిచిపోతానేమోనని సెలవుల దాకా అంట్లు తోముతూ, బడికి నడుస్తూ కూనిరాగం తీశాను.

ఆళ్లగడ్డలో అక్క ముందు కూర్చొని పాడాను. ఆమె తల ఎత్తలేదు. "మల్లా పాడు" అంది. మళ్లీ పాడాను. అప్పుడు గ్రామఫోనుకు కీ ఇచ్చి, ప్లేటు తిరగనిచ్చి, సూదిని గాలిలో పట్టుకొని నా నోటివైపు చూసింది. నేను దీర్ఘం అందుకోగానే దించింది. అతకలేదు.

"శ్రుతి పెంచుమే, ప్లేట్లో ఆయమ్మ మిద్దె మీదుంది, నువ్వు ఎద్దుల గాట్లో ఉండావ్" అని నవ్వింది.

ఇద్దరం నవ్వుకొని మళ్లీ ఎత్తుకున్నాం. ఈసారి నా గొంతులోని దీర్ఘాన్ని ఆ ప్లేటులోని గొంతు అందుకుంది. పాట మొదటినుంచి చివరిదాకా ఒకటైంది. పల్లవి నడుస్తుండగానే అక్క గొట్టంలోని గుడ్డను లాగేసింది.

"ఏం పాటమే అది?" అంది పంచలోంచి అత్తగారు.

"మీ కొడుకు తెచ్చిందే అత్తా."

ముసలామె గడప దగ్గరకు జరిగింది. తర్వాత, "అయితే తలుపు గూడా తీ" అంది.

మా వంశంలో మొదటి డిగ్రీ పట్టా పుచ్చుకొని నేను ఊరికి వచ్చేనాటికి ఆ తలుపుకు తాళం ఉంది. అక్క బనగానపల్లెలో పుట్టింటివారి దగ్గర కన్నుమూసిందని చెప్పారు. గ్రామఫోను ఏమైందో ఎవరికీ తెలియదు.

మనవరాలు పాట ఆపి, "నువ్వు పాడు అవ్వా" అంది. సాకీ ఎత్తుకున్నాను. నా గొంతు దీర్ఘం దాకా వెళ్లి, తనంతట తానే ఆగింది. అక్కడ సూది దించవలసిన చేయి నాది కాదు.