తోక దాకా చదివే పిల్ల

దగ్గరికి జరిగి కూసోండ్రి, చెప్త. హన్మకొండల మా మీదింట్ల ఒక పిల్ల తల్లితోని కిరాయికి ఉండె. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషల కొత్త తీరుగ రాసిన ఫైళ్లను పాత మిషన్లకు సమజయ్యేటట్టు మార్చుడు ఆమె పని. మార్చినంక ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు, అదే తోక, మారుతదట. అందుకే వేలు పెట్టి ఒక్కో పేరును తోక దాకా పైకి చదివేది.

"ఏందే ఆ జపం?" అంటే, "తోక తప్పితే ఒక ఫైలు పిలిస్తే ఇంకోటి పలకది అత్తా" అని నవ్వేది.

తల్లిని దవాఖానల చేర్చిన రోజు మంచం పక్కనే కూసోని, పేర్లు చదవకుండనే ఫైళ్లను పంపింది. తోకలు మారినయి, లోపల ఒకదాన్నొకటి పిలిచే పేర్లు పాతయే ఉన్నయి. ఆ ఫైళ్లు వాడుకునే కంపెనీల పనులన్నీ ఆగినయి. ఆమె కొలువు పోయింది. వారానికి తల్లీ పోయింది.

ఖాళీ చేసే దినం సామాను దించినంక, అలవాటుగ మెట్ల కింది నుంచి "అమ్మా, తాళం ఏసి రా" అని కేకేసింది. పక్కనే ఉన్న నేనే పైకి పోయి తాళం ఏసొచ్చిన.

మీ ఇంట్ల పిలిస్తే పలికేటోళ్లు నూరేండ్లు సల్లగుండాలె.