హౌస్‌బోటు ట్యాంకూ, నా ముక్కూ

దిండి రేవులో ఉండే ఒక హౌస్‌బోటులో మరుగుదొడ్లు చూసుకునే పని నాది. అందులోంచి ఒక్క చుక్క కూడా గోదావరిలో కలవకూడదు. అంతా అడుగునున్న ట్యాంకులోకే పోతుంది. అది నిండాక గట్టు మీదికి లారీ వచ్చి తోడుకుపోతుంది. పైపులు, వాల్వులు, వాషర్లు, ఏది కారినా నన్నే పిలుస్తారు. ఈ పనికి ముఖ్యంగా కావలసింది ముక్కు. కరోనా వచ్చి తగ్గాక నాది పనిచెయ్యడం మానేసింది. ఆ సంగతి ఓనరుగారికి చెప్పలేదు.

ఆ తరవాత మా ఆవిడే నా ముక్కు. ఇంటికి రాగానే గుమ్మంలోనే ఆపి, సబ్బూ తువ్వాలూ చేతికిచ్చి కుళాయి దగ్గరికి తోలేది. ఇవాళ ఎక్కువుందనో తక్కువుందనో చెప్పేది. దాన్నిబట్టి మర్నాడు ఎక్కడ కారుతోందో వెతుక్కునేవాణ్ణి. కిందటి వేసవిలో ఆవిడ పోయింది.

ఇక ఎవరినడిగినా ఒకటే జవాబు: "అబ్బే, ఏం లేదండి." మా కోనసీమలో వాసనొస్తోందని మొహం మీద చెప్పడం కంటే ఊపిరి బిగబట్టుకోవడం సుళువు. బోటెక్కినవాళ్ళు గదులు వదిలేసి పైన డెక్కు మీద పడుకుని, పొద్దున్నే చాలా బాగుందండీ అని చెప్పి వెళ్ళిపోయేవారు. మళ్ళీ వస్తే ఒట్టు. చివరికి ఓనరుగారే విసుక్కున్నారు. నేను గాభరాపడి సీసాలకు సీసాలు ఫినాయిలు పోశాను. ట్యాంకులో మురుగును తినే క్రిములు కాస్తా చచ్చి, కంపు ఇంకా పెరిగిందట. అదీ నాకు వారం తరవాత తెలిసింది.

అసలు దోషం ట్యాంకు గాలి గొట్టంలో ఉంది. కందిరీగ మట్టిగూడు పెట్టి దాని మూతి పూడ్చేసింది. గాలి పోయే దారి లేక కంపంతా గదుల్లోకి తన్నుతోంది. మట్టి పొడిచి తీసి, మూతికి సన్నని జాలీ కట్టాను. ట్యాంకు రెండుసార్లు కడిగించాను. జనం మళ్ళీ గదుల్లో పడుకోవడం మొదలుపెట్టారు.

అయినా మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నన్ను చూడగానే బోటు నడిపే సరంగూ, వంటావిడా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేవారు. కంపు బోటును వదిలి నన్ను పట్టుకుందనుకున్నాను. పూటకు రెండు స్నానాలు చేశాను. నిమ్మచెక్కలతో తోమి తోమి చేతులు మండేవి. సెంటు కొన్నాను, అది పరిమళిస్తోందో లేదో తెలియదు. నిజం చెప్పొద్దూ, కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఒకరోజు ఉండబట్టలేక వంటావిడను ఆపాను. ఎండుచేపల మధ్య పెరిగిన మనిషి, వాసన దగ్గరైనా మొహమాటపడదని నా ఆశ. దాచకుండా చెప్పమన్నాను.

ఆవిడ తల దించుకుంది. "మీ దగ్గర ఏ వాసనా రాదు అన్నయ్యగారూ. బోటులో కూడా పోయి నెలైందండి. వదినగారు పోయాక మీతో ఏం మాట్లాడాలో తెలీక తప్పుకుంటన్నామండి."

వాసనే అయితే బాగుండేది, ఏదో ఒక గొట్టం వెతికేవాణ్ణి. ఆవిడ కూర మాడిపోతుందంటూ లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం స్నానం చెయ్యకుండానే నా పళ్ళెం తీసుకెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరూ లేవలేదు. ఎవరూ మాట్లాడలేదు కూడా.